రుణావేశం

రాత్రి ఒకటిన్నర. కిరునా అడుగున గనిలో మందు పేలింది.
కాఫీలో ఒక వలయం లేచి అంచుకు తగిలి ఆగింది.
సైమీ తెర మీంచి చూపు తిప్పలేదు.

అక్కడ తోకచుక్క ఒళ్లు కాగి ఆవిరి కక్కుతోంది.
ఆవిరి వెంట ధూళి, ధూళి నడుమ
ఒక్క ఎలక్ట్రాన్ అదనంగా దొరికిన అణువులు.
ఉన్నది ఎక్కువైతే రుణమనడమేమిటో!
దొరికిందంటే ఇంకెవరిదో పోయినట్టే కాబోలు.
సూర్యుడు గడువివ్వడు.
ఎండ సోకిందా, క్షణంలో జప్తు.
కేంద్రకాన్ని ఆనుకుని, ధూళి చాటున,
కొన్ని మాత్రం లెక్కకి చిక్కుతాయి.

ఇవాళ చిక్కినవి ముప్పై నాలుగు.
కాదు, ముప్పై మూడు.
ఒకటి మరీ బరువుగా ఉంది. ఇనుమేమో అన్నంత.

పరికరం బిగించిన రోజు గుర్తొచ్చింది ఆమెకి:
తెల్ల ముసుగు, రెండు జతల చేతితొడుగులు,
నీలి దీపం కింద పదకొండుసార్లు తుడిచిన తలుపు.
ఆ పొద్దున్నే ఆసుపత్రిలో హిల్డింగ్ గోళ్లు తీసింది.
ముప్పయ్యొక్క ఏళ్ల గని, ఏ స్నానానికీ లొంగని నలుపు
నాన్న గోళ్ల కింద.
"చేతులు కడుక్కో" అన్నాడాయన, "నీ పనికి మా మట్టి పడదు."
కడుక్కుంది. మోచేతుల దాకా.

పన్నెండోసారి తుడవలేదు.

ఆ ఇల్లు లేదిప్పుడు. గని జరగమంటే ఊరే జరిగింది.
నలభై కోట్ల కిలోమీటర్ల అవతల
తోకచుక్కదో, నాన్నదో తెలియని ఒక రేణువు.

చిట్టాలో రాసింది: ముప్పై మూడు.
కింద, పెన్సిల్‌తో: ఒకటి బాకీ.