షరా గడి

మా ఎస్టేట్ సెక్షన్ రిజిస్టర్లో
కుడివైపు చివరి గడి పేరు షరా.
బొటనవేలు వెడల్పు.
ముప్పై ఒక్కేళ్ళుగా అందులో ఒదగడానికే
నా చేతిరాత చీమల బారైపోయింది.

ఢిల్లీ నుంచి ఫారం వచ్చింది, ఈసారి కంప్యూటర్లోనే.
జాతీయ ప్రణాళికకి లెక్క కావాలట, శుక్రవారం లోపల:
విశ్వవిద్యాలయానికి ఇచ్చిన భూమి ఎంత,
చేతిలో మిగిలింది ఎంత,
తేడా ఉంటే ఎందుకు.
కాగితం మీద ఎనిమిది వందల పన్నెండెకరాల ఏడు గుంటలు.
నేల మీద సంగతి
నేలనే అడగాలి.

హోస్కోట దారిలో వాన వెలిసిన పొద్దు.
ముప్పై మూడడుగుల గొలుసు పట్టుకుని
ముందు చైన్‌మన్ పిళ్ళప్ప, వెనక నేను,
లాంటానా కంప ప్యాంటు పీకుతుంటే
రాయి నుంచి రాయికి.

మొదటి రాయి ఉంది,
బర్రెలు వీపు రుద్దుకుని రుద్దుకుని నున్నబడి.
రెండోదీ ఉంది, పసుపు పూసుకుని,
రేకుల కప్పు కింద, హుండీకి తాళంతో.
షరా: దేవుడు.
మూడోది ఫ్లైఓవర్ కాలి కింద.
షరా: ప్రజా ప్రయోజనం.
నాలుగోది ఉండాల్సిన చోట సబ్‌స్టేషన్,
పక్కనే, రిబ్బన్ కత్తిరించాక తలుపు తెరవని పరిశోధనా కేంద్రం,
గడపలో, అద్దాన్ని ఆకాశమనుకున్న గువ్వ ఒకటి, వెల్లకిలా.
షరా: అభివృద్ధి.
ఐదో రాయి ఏదయ్యా అంటే
పిళ్ళప్ప నవ్వాడు:
"అది నడిచే రాయి సార్.
ఏడాదికి రెండడుగులు. ఎప్పుడూ మన వైపే."

ఆరో రాయి దగ్గర నా నవ్వు ఆగింది.
పద్నాలుగెకరాలు. వ్యవసాయ విభాగం రాగి మళ్ళు ఉండేవి అక్కడ,
ప్రతి మడికీ ఒక నంబరు, ప్రతి వెన్నుకీ ఒక గుడ్డసంచి.
ఇప్పుడు గోడ, గేటు, గేటు లోపల కుక్క,
కుక్క మీద పద్దెనిమిది అంతస్తుల నీడ.
రిజిస్టర్లో ఆ వరసకి షరా: తాత్కాలికం.
ఆ రాత నాదే.
రెండువేల తొమ్మిది, పైనుంచి ఫోను,
బల్ల మీద టీ ఇంకా చల్లారలేదు.
ఎవరూ నా చెయ్యి పట్టుకుని రాయించలేదు.
ఇంక్రిమెంటు మామూలుగానే వచ్చింది.

రాజకాలువ గట్టున మునితాయమ్మ గడ్డి కోస్తోంది.
సర్వే నంబరు నలభై ఆరు, రెండెకరాల పది గుంటలు,
ఒకప్పుడు ఆమె మామ పేరున.
మమ్మల్ని చూసి కొడవలి దాచలేదు.
"ఆపొద్దు జీపులో వచ్చినోళ్ళు చెప్పినారు సామీ,
దేశం చదువుకోవల్ల, చేను ఇయ్యండి అని.
ఇచ్చేస్తిమి.
చదువుకునిందా?"

చదువుకుంది అని చెప్పొచ్చు.
రాయచూరు పిల్ల ఒకతె, ముగ్గురి హాస్టల్ గదిలో ఏడోదిగా పడుకుని
వంతెనల లెక్కలు చేస్తోంది, చూశాను.
చదువుకోలేదు అనీ చెప్పొచ్చు.
అర్థశాస్త్రం క్లాసులో నిన్నటి బొమ్మ ఇంకా చెరపలేదు:
భూమి నుంచి పెట్టుబడికి ఒక బాణం;
తిరిగొచ్చే బాణం గీసేలోపు గంట కొట్టినట్టున్నారు.
నేను గొలుసు చుట్టుకున్నాను.

శుక్రవారం.
తేడా: నూట ముప్పై ఒక్క ఎకరాల ఇరవై రెండు గుంటలు.
కారణం గడి కింద సన్నటి హెచ్చరిక:
నలభై అక్షరాలు మించరాదు.
దేవుడు, వంతెన, ఫోను, నడిచే రాయి, నేను.
అన్నీ కలిపితే పట్టవు,
ఏ ఒక్కటి తీసేసినా అబద్ధం.
మునితాయమ్మ మాట మాత్రం పట్టింది,
ఇంకా చోటు మిగిలింది.
నొక్కాను.
తెర మీద పచ్చటి టిక్కు:
మీ సమాచారం నమోదైంది. ధన్యవాదాలు.

గుమ్మంలో పిళ్ళప్ప.
గొలుసు తుప్పు పడుతోంది సార్, నూనె కొన్నాను,
అరవై రూపాయలు,
ఏ పద్దులో రాసుకుంటారు?