మూడు చుక్కలు

ఎనుమాముల యార్డుల కాంటా ఎనక
గోడకొక నల్ల బోర్డు.
తయారుగ దొరికే డబ్బాలేవీ నచ్చక
దాని మీది ప్రతి గీతా నేనే గీసిన:
గడి, గడి అంచు, లోపల పేరు,
పక్క గడిల క్వింటాలు ధర.
పేరు గడి వెడల్పు నూట నలభై పిక్సెళ్లు.
పట్టకుంటే కోసెయ్, కొసకు మూడు చుక్కలు పెట్టు,
ఒక్క వరుస కోడు.
నయీంనగర్ల టైర్ల దుకాణం మీది ఆఫీసుల
ఆ వరుస రాసి, చాయ్ తాగి, ఇంటికి పోయిన.

తెల్లారి మిర్చి దిగింది.
దగ్గులు, తుమ్ములు, ఎర్రటి దుమ్ము.
బోర్డు పిలిచింది: గుగులోతు...
ఆరుగురు లేచిన్రు.
ఒక్క తండా, ఒక్క ట్రాక్టరు,
ఇంటిపేరు ముందట, మనిషి ఎనక.
నేను కోసింది మనిషిని.

ఆ ఎనక పిలిచింది: ఈర్ల లక్ష్...
యంత్రం లెక్క వేరు.
మనకు లక్ష్మి రెండక్షరాలు,
దానికి ఏడు ముక్కలు,
గుడి ఒక తాన, పొల్లు ఒక తాన.
ఐదో ముక్క కాడ కత్తి పడ్డది,
పొల్లు మిగిలింది.
వడ్లల్లనైనా రాతలనైనా పొల్లంటే పొల్లే,
లోపల గింజుండదు.

"ఆ చుక్కలేంది బిడ్డా?"
గుగులోతు మంగ్తి అడిగింది.
"ఇంకా ఉన్నదని గుర్తు."
"ఆ ఉన్నది నేనే గద," అన్నది
చెంగుతోని ముక్కు మూసుకొని.

ఆఫీసు కింద షట్టరు మీద
అక్షరాలు దిద్దుతున్నడు ఆడెపు సమ్మయ్య.
జాగ చాలకుంటే ఏం చేస్తవన్న.
"ముందుగాల దారం పట్టి కొలుస్త.
కొస అక్షరం జర సన్నబడతది,
జరంత కిందికి జారుతది. పేరైతే తెగదు."
కుంచె చెవి మీద పెట్టుకొని
"మీరు గీసినంక కొలుస్తరా?" అన్నడు.

ఆ రాత్రి మళ్ల రాసిన.
పిల్లలతో సహా కోడిని గంపల ఎత్తినట్టు
గుడితో, ఒత్తుతో అక్షరాన్ని ఒక్కటిగ ఎత్తి,
కొలిచి, అప్పుడు గడిల దించి.
పట్టకుంటే ముందు ఇంటిపేరు కుదించి:
గు. మంగ్తి.
అప్పటికీ పట్టకుంటే రెండో వరుస.
రెండో వరుసకు బోర్డుల జాగ లేదన్నడు సెక్రటరీ.
ఒక్కనాడే ఇద్దరు మంగ్తిలొస్తే?
ఆ జవాబు నా కాడ ఇంకా లేదు.

పొద్దుగాల మంగ్తి బోర్డు కింద నిలబడ్డది.
చదువు రాదు, అయినా తన పేరును
కొసదాక చూసింది.
తర్వాత పక్క గడి, ధర.

ఆ గడికి కూడ అదే కోడు రాసి పెట్టిన,
పట్టకుంటే కోసెయ్, మూడు చుక్కలు పెట్టు అని.
ఆ వరుస ఇప్పటిదాక
ఒక్కసారి కూడ నడవలే.