రాయెనక కొండ

సర్వే మ్యాపు మీద స్కేలు ఆనించి
పెన్సిలు లాగాను.
శాలిహుండం గుట్ట,
పొలాల నడుమ పేరులేని ఇటుకల దిబ్బ,
ఇసుకమెట్ట మీద సున్నం కొట్టిన నిలువురాయి:
మూడూ ఒకే గీత మీద.
ఆపడం మరిచి, పెన్సిలు
సముద్రంలోకి ఒక అంగుళం పోయింది.
పాతకాలపు బాట దొరికిందని
ఆ రాత్రి నిద్రపోలేదు.

మర్నాడు గీత వెంట నడిచాను.
ఏటిపాయ. మోకాలిలోతు ఊబి. మొగలిపొద.
ఒక చెప్పు ఊబికే వదిలేశాను.

ఎండుచేపల తట్టతో
ఎదురొచ్చింది దూడ కొర్లమ్మ.
"ఇటేపు దారేటి బావు, మతుండే వొచ్చినావా?"
ఆవిడ దారి
నుయ్యి ఉన్న వైపు వంగుతుంది,
కరిచే కుక్క వాకిలి తప్పించుకుంటుంది,
రెండు కుంచాల ధాన్యం బాకీ ఉన్న ఇంటిముందు
కావాలనే ఆగుతుంది.
నలభయ్యేళ్ల నడక అది,
ఏ స్కేలుకీ ఆనదు.

కళింగపట్నం ఒడ్డున
వల కుడుతున్న మైలపల్లి అసిరయ్య
నా గీత చూసి నవ్వాడు.
"గీత నిజిమే.
నడవడానికని నీకెవులు సెప్పినారు?"

తెల్లారకముందే తెప్ప ఎక్కించాడు.
నాలుగు బారల నీరు. ఆరు.
ఒడ్డు గోరంత మందమైంది.
"సూడు, గుట్టకి ఎడంపక్కనుంది రాయి."
తెడ్డు రెండు పోట్లు.
రాయి జరిగింది, గుట్ట జరగలేదు.
ఇంకొక్క పోటు,
రాయెనక్కి కొండ వచ్చి నిలబడింది
పిల్లని ఎత్తుకోబోయే మనిషిలా.
"ఇదే మొగ. ఇది కలిసున్నంతసేపూ ఇసక తగల్దు.
బారెడు తప్పితే బోల్తా."

ఏటేటా ఆ సున్నం
ఏ దేవత మొక్కో అనుకున్నాను ఇన్నాళ్లూ.
"మొక్కు నేదు, ఏటీ నేదు.
కంటికి అగుపడాల కదా."

"మరి వరదకి ఏరు మొగ మార్చుకుంటే?"
"ఇంకో తాడిసెట్టు సూసుకుంటాం."

అంటే ఆ రాయిని
ఎవరో గురిచూసి పాతారా,
ఉన్నదానికి గురి కుదిరిందా?
ఇటుకల దిబ్బ సంగతి అడిగితే
అసిరయ్య నీళ్లలోకి ఉమ్మి
"అది మాకు కనపడదు" అన్నాడు.

ఇంటికొచ్చి రబ్బరు తీశాను.
గుట్ట నుంచి ఒడ్డుదాకా తుడిచేశాను
ఎవరూ నడవని నా బాటని.
నీలం మీదికి పొరపాటున సాగిన
ఆ అంగుళం మాత్రం
ఉంచాను.