ఆరు షీట్ల బొమ్మ

చిన్న రైల్లో వచ్చేది మా ఊరికి హీరోయిన్,
చుట్టచుట్టి, పురికొస కట్టి,
నౌపడా నుంచి పర్లాకిమిడికి.
స్టేషన్లో సంతకం పెట్టి నాన్న విడిపించేవాడు.

మైదా ఉడకబెట్టడం నా పని.
ఉండ కట్టకూడదు, అడుగంటకూడదు,
మేకలు తినకుండా చిటికెడు మైలుతుత్తం.
అయినా తినేవి.

బొమ్మ ఆరు షీట్లు.
హీరో మొహానికి ఒక షీటు నిండుగా ఇచ్చేవారు,
అతుకు ఎప్పుడూ అతని మీద పడదు.
ఆమెకి మాత్రం బొడ్డు దగ్గర ఒకటి, మెడ దగ్గర ఒకటి.
పన్నెండేళ్ళదాన్ని, నిచ్చెన కింద నిలబడి
"నాన్నా, ఎడం నడుం పైకి!" అని అరిచేదాన్ని
బజారంతా వినబడేలా.
నడుం కలిస్తే చాలు,
కళ్ళు కలవకపోయినా ఎవరూ అడగలేదు.

నాన్న పోయాక ఆడవాళ్ళ కౌంటరు నాకిచ్చారు.
పిడికిలి పట్టేంత కన్నం.
అందులోంచి నేను చూసింది చేతుల్నే:
పసుపు చేతులు, చేపల వాసన చేతులు,
ఒరియా గాజులు, మా గాజులు,
కొండ దిగొచ్చిన సవర పిల్లల పచ్చబొట్లు.
ఒక చెయ్యి ప్రతి శుక్రవారం
ఒక్కతే వచ్చి రెండు టిక్కెట్లు తీసుకునేది.
రెండోది ఎవరికమ్మా అంటే
"తుమ పాయిఁ" అంది. నీకే.
కుంతళ. పెద్దాసుపత్రి నర్సు.

సెకండ్ షోకి మూడో వరసలో
కొమ్ము దువ్వెనలు చెక్కే దండాసీ వచ్చేవాడు,
తపాలా ఆఫీసు పాత్రో వచ్చేవాడు.
మధ్యలో ఒక కుర్చీ వదిలి కూర్చునేవారు.
ఆ ఖాళీ కుర్చీకీ వాళ్ళే డబ్బు కట్టేవారు,
లెక్క రాసేదాన్ని కనక నాకు తెలుసు.
తెర మీద కమెడియన్ నడుం తిప్పుకుంటూ వచ్చి
ఇంకో మగాడి బుగ్గ గిల్లేసరికి
హాలు పగిలిపోయేది. ఈలలు. ఎగిరే చిల్లర.
అందరికన్నా గట్టిగా వాళ్ళిద్దరే నవ్వేవారు.
అంత గట్టిగా ఎందుకో
నాకు చాలా రోజులకి గాని...
ఆ వరస మీద టార్చిలైటు వెయ్యొద్దని
గేటు కుర్రాడికి చెప్పాను.
నేను చేసింది అంతే.

మమ్మల్ని చూసి ఎవరూ నవ్వలేదు.
చేతులు పట్టుకునే కూర్చున్నాం పదకొండేళ్ళు.
అక్కచెల్లెళ్ళనుకున్నారు,
పాపం పెళ్ళి కాలేదనుకున్నారు.
కనబడకపోవడం మాకు గొడుగైంది.
పట్టుకున్న చెయ్యి లాగుతోందని
వాన వెలిశాకే తెలిసింది.

హాలు మూసేశారు. ఇప్పుడు జీడిపిక్కల బస్తాలు.

మొన్న కుంతళ ఫోను పట్టుకొచ్చింది.
"చూడు, మనలాంటోళ్ళ కథట."
ఇద్దరమ్మాయిలు. నీలం లైటు. సిల్కు దుప్పటి.
కెమెరా మడమ దగ్గర మొదలెట్టి
పాకి పాకి పైకి వెళ్ళింది,
మొహం దాకా చేరేసరికి షాటు అయిపోయింది.
ఆరో ఎపిసోడులో ఒకమ్మాయి నిద్రమాత్రలు మింగింది.
రెండో అమ్మాయి ఏడ్చింది. లైటింగు బాగుంది.
కుంతళ కళ్ళజోడు తీసి తుడుచుకుని
"కడుపు కడిగితే బతుకుతుంది కదే,
నేనెంతమందికి కడగలేదు!" అంది.
వేలితో తెర నొక్కి ఆపింది,
ఆ పిల్ల నడుం మధ్యలో ఎక్కడో.
అక్కడే, సరిగ్గా అతుకు దగ్గరే.
నాన్న చెయ్యి గుర్తొచ్చింది నాకు, గంజి కారుతూ.

మమ్మల్ని తియ్యాలంటే ఏం తీస్తారు?
మహేంద్రతనయ చేపలో ముల్లు ఏరి
నా కంచం అంచున పెడుతుంది.
నా మోకాలికి నూనె రాస్తూ
పింఛను బకాయిల గుమస్తాని తిడుతుంది.
నేను తెలుగులో అలుగుతాను, తను ఒరియాలో బతిమాలుతుంది.
రాత్రి ఫ్యాను ఎంతలో ఉండాలన్నది ఇంకా తేలలేదు.
దీనికి పాట ఎక్కడ పెడతారు?

నిన్నటి వానకి హాలు గోడ మీద పొరలు ఊడాయి.
లోపలెక్కడో నేనుడికించిన మైదా.
ఒక కన్ను బయటపడింది, ఒక్కటే.
ఎవరిదో, ఏ సినిమాదో.
మేక ఒకటి ముందుకాళ్ళు గోడకి ఆనించి
దాని కింద కాయితం నములుతోంది.
అదిలించబోయాను.
కుంతళ నా చెయ్యి పట్టి ఆపింది.
"ఉండు, అది మనల్నే చూస్తోంది."
మేకో, కన్నో.
నేనడగలేదు.