బొటనవేలి వెడల్పు

రాత్రి రెండింటికి
రొయ్య నీటి మీదికొచ్చి నోరు తెరిస్తే
రైతు దగ్గర టార్చిలైటూ, తడి చెయ్యీ, ఫోనూ
అంతే ఉంటాయి.
ఆ సంగతి నాకు తెలుసు.
ఇరవై రెండేళ్లుగా ఏరియేటర్ మోటార్లు విప్పుతున్నవాణ్ణి.
తెలిసీ
నా వెబ్‌సైటుని పెళ్లిపందిరిలా వేయించాను.

భీమవరంలో, ఏసీ గదిలో, గోడంత కంప్యూటర్ మీద
చూపించాడు కుర్రాడు:
పైన ఈదే రొయ్య, పక్కన తిరిగే చక్రం,
కుడి నించి ఎడమకి పరిగెత్తే ఎర్రక్షరాలు,
మధ్యలో నేనూ, మా పార్ట్‌నర్ కొల్లాటి ఏసుపాదం
భుజాలు కలిపి.
అప్పటికి ఏసుపాదం బతికే ఉన్నాడు.
"అదిరిందిరా పెంటయ్యా" అన్నాడు.
పన్నెండు వేలు లెక్కపెట్టి ఇచ్చి
బస్సెక్కి ఉండి వచ్చేశాం.
ఫోన్లో ఎప్పుడూ చూసుకోలేదు.
మన కొట్టు మనం వెతుక్కుంటామా?

కార్తీకంలో ఒక కౌలు రైతు, రుద్రరాజు అచ్యుతవర్మ,
కాలిన మోటారు మోపెడ్ మీద తెచ్చి దించాడు.
పొట్ట విప్పితే బొగ్గు.
"ఆ రాత్రి వెతికానయ్యా" అన్నాడు, కూచోకుండానే.
"మొదట వచ్చింది గణపవరం వాడు.
కొట్టు పెట్టి రెండు నెల్లు.
తెల్ల పేజీ, ఇంత లావు నంబరు.
వేలు ఆనించా, మోగింది.
నీది ఎక్కడో మూడో పేజీలో తేలింది.
తెరుచుకుంటూ ఉంది, తెరుచుకుంటూనే ఉంది.
తెరుచుకున్నాక చూస్తే అక్షరాలు రొయ్య సీడు,
కంటికి ఆనవు.
పెద్దవి చేద్దామని లాగితే నంబరు తెర దాటి పోయింది."
ఎన్ని పోయాయని నేనడగలేదు.
చెరువు వంక చూసినట్టు రోడ్డు వంక చూశాడు.

రీఛార్జి కొట్టులో మెహతాబ్, డిప్లొమా పిల్ల,
నా పేజీని అటూ ఇటూ తిప్పింది.
నవ్వలేదు, అది నయం.
"బాబాయ్, వెతికిపెట్టే యంత్రం
ఇప్పుడు నీ కొట్టుని పెద్ద తెర మీంచి చూడదు,
రైతు ఫోన్లోంచే చూస్తుంది.
అక్కడ లేనిది దాని లెక్కలో లేదు.
ఎవరు చప్పున తెరుచుకుంటారు, ఎవరు చేతికి అందుతారు,
అదీ చూసుకుని ముందు వరసలో కూచోబెడుతుంది."
"మరి ఇరవై రెండేళ్ల పనితనం?"
"దానికి మోటారు విప్పడం రాదు కదా బాబాయ్."

ఆ మాట పట్టుకుని రాత్రంతా వైండింగ్ చుట్టాను.
చుడుతుంటే వెలిగింది.
స్లాటు కొలవకుండా ఏనాడైనా తీగ తెంపానా?
ఎంత మంచి రాగయినా
ఇరుకులో కూరితే పైపొర గీరుకుని
కాలి కూచుంటుంది.
ఈసారి స్లాటు రైతు అరచెయ్యి.
దాని కొలత తీసుకోలేదు నేను.

మర్నాడు కోతలు మొదలు.
ఈదే రొయ్య పోయింది. చక్రం ఆగింది.
పరిగెత్తే అక్షరాల్ని ముందు నిలబెట్టి, తర్వాత తుడిచేసింది.
వరసలు ఫోను వెడల్పుకి తామే మడుచుకునేలా,
పెద్ద తెర దొరికితే తామే పరుచుకునేలా
ఏదో రాసింది, చాపలాగా.
నంబరు అడ్డంగా, బొటనవేలు జారినా తగిలేంత.
దాని పైన
ఏరియేటర్ తిరగట్లేదా? రాత్రయినా వస్తాం.
"జనం ఇలాగే కదా అడుగుతారు" అంది.

ఏసుపాదం దగ్గర చెయ్యి ఆగింది.
"ఈ ఫొటో ఒక్కటే ఆరు ఎంబీ బాబాయ్."
మనిషి ఉన్నప్పుడు తొంభై కేజీలు.
నేను మాట్లాడలేదు.
కాసేపు చూసి, చిన్నది చేసి, అడుగున పెట్టింది.
"అన్నీ వచ్చేశాక ఆఖర్న వస్తాడు."
ఎప్పుడూ అంతే వాడు.
టీకి మాత్రం ముందుండేవాడు.

నారు పోసిన రోజే కుప్ప నూరుస్తామా.
నెలకి రెండో పేజీ.
శివరాత్రికి మొదటి పేజీ అడుగున.
గణపవరం వాడు ఇంకా పైనే. ఉండనీ,
వాడూ నిద్ర మానుకునేవాడే.

నిన్న రెండుంబావుకి మోగింది.
పేరు చెప్పలేదు, ఊరు చెప్పలేదు,
"తేలుతున్నాయండీ" అన్నాడు.
వెనకాల ఒక్క చక్రం చప్పుడు,
నాలుగు వినపడాల్సిన చోట.
పానాల సంచీ కోసం చీకట్లో తడుముకుంటూ
"ఏ గట్టు మీదున్నావో చెప్పు బాబూ" అన్నాను.