మినిట్సు పుస్తకం

నూరేళ్ల పండక్కి సంఘ చరిత్ర రాయమన్నారు.
నాలుగు పేజీలు చాలు, ఒక దొర ఫోటో,
కట్టడం ఫోటో, చందాదారుల పట్టిక.
పాత బీరువా తాళం చేతిలో పెట్టి
చెదలు జాగ్రత్తమ్మా అన్నారు సెక్రటరీ జెఫన్యా గారు.

చెదలు తినగా మిగిలిందిది.

కొండపి నుంచి, పొదిలి నుంచి, కరువు తరిమితే
కాలువ పడవల్లో కట్టెమోపుల మీద కూర్చుని
మద్రాసు అయిపోయేచోట దిగారు.
తండయారుపేట దాటాక ఉప్పు మడులు,
ఉప్పు మడులు దాటాక ఎవరిదీ కాని ఇసక.
ఊరికి అవతల బతకడం వాళ్లకు కొత్త కాదు.
ఊరే మారింది. అవతల మారలేదు.

మొదటి పేజీలో దొర లేడు.
గోనెపట్టాల పందిరి ఉంది. పదకొండు పేర్లు,
వాటిలో ఏడు వేలిముద్రలు.
పెరంబూరు వర్క్‌షాపు నుంచి దార్ల అంకయ్య
భుజాన మోసుకొచ్చిన రైలుపట్టా ముక్క ఉంది.
"ఎట్లు వచ్చెనో విచారింపవలదని తీర్మానమయినది."
దానిమీద సుత్తెదెబ్బే ఇప్పటికీ మా గంట.

దొర మూడో ఏట వచ్చాడు, గొడుగుతో.
కాలువలో నడుంలోతున నిలబడి
ఒక్క పొద్దున ఇరవై ఆరుగురిని ముంచి లేపాడు.
పోలి మార్త అయింది, ఓబులు ఒబద్యా అయ్యాడు.
మర్నాడు ఇద్దరూ అదే మేస్త్రీ దగ్గర, అదే కూలికి.

జపాను బాంబులొస్తాయని
పట్నమంతా మూటలు కట్టుకున్న నెలలో
ఒకటే పంక్తి:
"హాజరు ఇద్దరు. ప్రసంగము లేదు. వాన."

రాష్ట్రం విడిపోయిన ఏడు
మద్రాసు ఎవరిదని వీధుల్లో కేకలు.
ఇక్కడ రాత్రి పదకొండు దాకా చర్చ,
సమాధుల దొడ్డికి ఈసారైనా గోడ కట్టగలమా అని.
పందులు వస్తున్నాయట.

వెనక్కి తిప్పుతుంటే నలభై ఒకటో పేజీ:
"యెస్తేరమ్మ, కార్పొరేషను పాకీపని.
విశ్రాంతి దినమున పనిచేసినందున
తొమ్మిది మాసములు ప్రభువు బల్లకు దూరము."

మా నాయనమ్మ.
అది కలరా ఏడు. కలరాకు ఆదివారం లేదు.

ఆ తొమ్మిది నెలలూ
రొట్టె విరిచే వేళకు లేచి బయటికెళ్లి
రైలుపట్టా పక్కన నిలబడేదట,
ఆఖరి కీర్తనకు మళ్లీ లోపలికొచ్చేదట.
ఇది పుస్తకంలో లేదు, మా మేనత్త చెప్పింది.
నాయనమ్మ నాకు తల దువ్వుతూ ఎన్నో చెప్పింది,
ఇది చెప్పలేదు.

జెఫన్యా గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.
"ఇది సావనీరులో ఎందుకమ్మా, పండగ కదా."
తీర్మానం కింద పెద్దల సంతకాల్లో మూడోది
వాళ్ల తాతది.
నేను అనలేదు. ఆయనకూ చదవడం వచ్చు.

కాలువ ఇప్పుడు నల్లగా, కదలకుండా ఉంది.
బాప్తిస్మం పుల్పిట్ కింది సిమెంటు తొట్టిలో,
అదీ మెట్రో నీళ్ల లారీ వచ్చిన వారమే.
ఏడింటి తెలుగు ఆరాధనకు ముప్పైమందిమి.
పదింటి తమిళ ఆరాధనకు గేటు దాకా చెప్పులు.
మా పిల్లలు తెలుగు కీర్తనలు పాడతారు
తమిళ అక్షరాల్లో రాసుకుని.
అందులో ప, బ ఒకటే. త, ద ఒకటే.
కాగితం మీద తడబడినవాళ్లు
రాగంలో పడ్డాక తడబడరు.
వెనక బెంచీలో కూర్చుని అది వింటుంటాను.

నాలుగు పేజీలు రాసిచ్చాను.
దొర ఫోటో వేశాను, గొడుగుతో సహా.
నలభై ఒకటో పేజీ జెరాక్సు దానికి గుచ్చి,
తీసేస్తే నాలుగూ తీసేయండి అన్నాను.
వారమైంది. కమిటీ ఇంకా కూర్చోలేదు.

కలరా ఏటి లెక్కల్లో చివరి పంక్తులు:
కిరసనాయిలు, రెండణాలు.
రొట్టె, ద్రాక్షరసం, ఐదణాలు.
చీపురు, ఖర్చు లేదు. యెస్తేరమ్మ తెచ్చినది.