కాంటా మీద ఏలు

హన్మకొండ చౌరస్తా పక్క సందుల, మెట్ల కింద
రెండు కుర్చీలు, ఒక ఫ్యాను, నేను.
రాజమొగిలి వచ్చిన్నాడల్లా
గది నిండ మిర్చి ఘాటు.
ఎనుమాముల మార్కెట్ల దడువాయి,
ఇరవై రెండేండ్లు మందివి బస్తాలు తూచిండు.

"మానాలనే ఉంది మేడమ్" అంటడు.
దగ్గుతడు.
"మానబుద్ధి అయితలేదు" అంటడు, ఒక్క గుక్కలనే.

మొదటి నెలంతా వాదించిన.
కాలేయం బొమ్మ చూపించిన,
ఆయన దవాఖాన చీటీలు ఆయనకే చదివి వినిపించిన.
నేను ఇటు ఒక్క మాట పెడితే
ఆయన అటు రెండు పెట్టేటోడు:
షెడ్డు ఎనుక కూసునే నలుగురు,
పొద్దంత గొంతుల దిగిన కారం దుమ్ము,
పోయిన బామ్మర్ది పేర నేల మీద వంపే తొలి చుక్క.

ఒకనాడు నవ్విండు.
"మీరు కాంటా మీద ఏలు పెడుతున్నరు మేడమ్.
గింతంత ఏలే. గని రైతు చూస్తనే ఉంటడు.
ఇగ ఎంత ధర ఇస్తమన్నా ఆ బస్తా దించడు."

ఏలు తీసిన.
తీసినంక ఆ చెయ్యి ఎక్కడ పెట్టుకోవాల్నో తెల్వలేదు.
"తాగుడు నీకేమిచ్చింది?" అని అడిగిన.
ఇదివరకు ఎవ్వరూ అడగలేదట.
క్యాలెండర్ దిక్కు శానసేపు చూసి
"పొద్దుగూకి ఏడింటికి నాకో జాగ ఇచ్చింది" అన్నడు.
"మానితే ఆ ఏడింటిని ఏం చెయ్యాలె?"

తెల్వదన్న. నిజంగనే తెల్వదు.
నా సొరుగుల రెండేండ్ల కిందటి రాజీనామా కాగితం ఉన్నది,
సంతకం ఉంది, తారీఖు లేదు.
ఆ సంగతి ఆయనకు చెప్పలేదు.
గని "ఎందుకు మానవు" అన్న మాట
ఆనాటి సంది నా నోట్లకెల్లి అల్కగ వస్తలేదు.

"పాత కాంటాలకు ముల్లుండేది మేడమ్.
ముల్లు ఊగుతుంటే లెక్క రాయొద్దు.
ఊగితే కాంటా చెడిపోయినట్టు కాదు,
బరువు మోస్తున్నట్టు.
చెడిపోయింది కదలనే కదలది."

మొన్న బుధవారం రాలేదు.
శుక్రవారం వచ్చిండు. కండ్లు ఎర్రగున్నయి,
మిర్చి వల్లనో ఇంకెందుకో అడగలేదు.
"సోమవారం షెడ్డు ఎనుకకే పోయిన. సోడా తాగిన.
నలుగురు నవ్విండ్రు.
మంగళవారం నేను గూడ నవ్విన, గిలాస పట్టుకొని."

నోట్‌బుక్ తెరిచిన.
సోమవారానికి ఏం రాయాల్నో ఎరుకే,
మంగళవారానికీ ఎరుకే.
రెండిటికి కలిపి ఏం రాయాల్నో తోచక
పెన్ను మూత పెట్టి
"సోడా ఎట్లుండె?" అన్న.

"సప్పగ" అన్నడు.
ఫ్యాను రెండు మూడు సార్లు కిర్రుమన్నది.
"సల్లగైతే ఉండె."